ఎల్-వాల్యూ మాస్టారు

సీ ల్యాబ్‌లో కూర్చున్న ప్రతివాళ్ళకీ తెలిసిన ఎర్రర్ ఒకటుంది. 5 = ఎక్స్ అని తిరగేసి రాసినా, ఏ + బీ = సీ అని రాసినా కంపైలర్ ఒప్పుకోదు. ఎల్‌వాల్యూ రిక్వైర్డ్ అని మొహాన కొడుతుంది. అప్పుడు మనం పక్క సిస్టమ్ వైపు ఒక చూపు చూసి, ఎడమది కుడికి మార్చేసి, మళ్ళీ రన్ కొడతాం. ఆ ఎల్ ఏంటి, దాన్ని ఎవరు పెట్టారు అని ఎవరూ అడగరు. అడిగే టైమూ ఉండదు, రికార్డు మీద సంతకం పడేసరికి ల్యాబ్ అయిపోతుంది.

ఆ ఎల్ మనకి క్రిస్టఫర్ స్ట్రేచీ అనే ఆయన దగ్గర్నుంచి వచ్చింది. ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్ పంపడం అనే విషయంలో మనం ఈరోజు వాడే మాటల్లో చాలా వాటికి మూలం ఆయన దగ్గరే ఉంది. ట్యూరింగ్ మీద సినిమా వచ్చింది కాబట్టి ఆయన పేరు మన హాస్టల్లో అందరికీ తెలుసు. స్ట్రేచీ ట్యూరింగ్‌కి స్నేహితుడు. ప్రోగ్రామింగ్ భాషల మీద పనిచేసేవాళ్ళకి ఈ పేరు బాగా తెలుసు, మనలాంటి స్టూడెంట్స్ దాకానే రాలేదు. అందుకే ఈసారి ఈయన గురించి రాస్తున్నా.

ఒక మాట చెప్పి మొదలుపెడతా. సెమిస్టర్‌లో ఏం నేర్పుతున్నారని మా అమ్మమ్మ అడిగితే, ఫంక్షన్లకి ఆర్గ్యుమెంట్లు పంపడం అని చెప్పా. ఆవిడకి ఫంక్షన్ అంటే ఓణీల ఫంక్షన్, ఆర్గ్యుమెంట్ అంటే అక్కడ భోజనాల దగ్గర చుట్టాల మధ్య మొదలయ్యేది. దానికి ఫీజు కట్టాలా అంది. కాబట్టి ఈ వ్యాసంలో ఆ రెండు మాటలూ ప్రోగ్రామ్ అర్థంలోనే చదువుకోండి.

స్ట్రేచీ 1916 నవంబర్ 16న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పుట్టాడు. ఇంటిపేరు చిన్నది కాదు. తాత సర్ రిచర్డ్ స్ట్రేచీ బ్రిటిష్ ఇండియాలో మిలిటరీ ఇంజనీరు, తర్వాత పెద్ద అధికారి. రాయలసీమ వాళ్ళ ఇళ్ళలో ధాత కరువు అనే మాట ఇంకా వినిపిస్తుంది. 1876లో మొదలై మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తాన్ని ఊడ్చేసిన కరువు అది. దాని తర్వాత ప్రభుత్వం వేసిన ఫామిన్ కమిషన్‌కి అధ్యక్షుడు ఈ రిచర్డ్ స్ట్రేచీయే. కరువు మధ్యలో, 1877 జనవరిలో, ఢిల్లీ దర్బారు జరిపించిన వైస్రాయ్ లిట్టన్ ఆయనకి స్నేహితుడు. ఆ పేరే ఒక కొడుక్కి పెట్టుకున్నాడు. ఆ కొడుకే రచయిత లిట్టన్ స్ట్రేచీ, మన క్రిస్టఫర్‌కి బాబాయి. ఇది కొంచెం పక్కదారే. కానీ కంప్యూటర్ సైన్స్ చరిత్ర చదువుతుంటే మధ్యలో మన సీమ కరువు కనబడితే ఆగకుండా ఎలా వెళ్తాం?

నాన్న ఆలివర్ ఈస్ట్ ఇండియన్ రైల్వేలో పనిచేసి, తర్వాత రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ శత్రువుల రహస్య సంకేతాలు విప్పే పనిలో ఉన్నాడు. అమ్మ రే స్ట్రేచీ కేంబ్రిడ్జ్‌లో గణితం చదివింది, ఆడవాళ్ళకి ఓటు హక్కు కోసం పనిచేసింది, ఆ ఉద్యమ చరిత్రని పుస్తకంగా రాసింది. అంటే ఇంట్లో పజిళ్ళకీ పుస్తకాలకీ లోటు లేదు.

ఇలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లాడు టాపర్ అయ్యుంటాడు అనుకుంటాం కదా. కాలేదు. గ్రెషమ్స్ స్కూల్లో చదివి 1935లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో చేరాడు. మొదట గణితం, తర్వాత సైన్స్. మూడో ఏడాదిలో మానసికంగా కుప్పకూలి కొన్నాళ్ళు చదువు ఆపేశాడు. తిరిగొచ్చి 1939లో డిగ్రీ పూర్తిచేశాడు, సెకండ్ క్లాసులో కూడా కింది భాగంలో. రీసెర్చ్ చేయాలని ఉండేది, ఆ మార్కులతో అవకాశం రాలేదు. మన లెక్కలో ఒక గ్యాప్, తక్కువ సీజీపీఏ, హయ్యర్ స్టడీస్ క్యాన్సిల్. ప్లేస్‌మెంట్ పోర్టల్ అయితే ఈయన అప్లికేషన్ ఫిల్టర్ దగ్గరే ఆగిపోయేది.

యుద్ధం రోజుల్లో స్టాండర్డ్ టెలిఫోన్స్ అండ్ కేబుల్స్ అనే కంపెనీలో రాడార్‌కి వాడే వాల్వుల లెక్కలు చేశాడు. ఆ లెక్కల కోసం డిఫరెన్షియల్ అనలైజర్ అనే యంత్రం వాడాల్సి వచ్చింది. లెక్కలు చేసే యంత్రాల మీద ఆసక్తి అక్కడ మొదలైంది. యుద్ధం అయ్యాక స్కూల్ మాస్టారు అయ్యాడు. ముందు కాంటర్‌బరీలో సెయింట్ ఎడ్మండ్స్, 1949 నుంచి హారో. హారో పెద్ద పేరున్న స్కూలే, అయినా స్కూల్ మాస్టారు ఉద్యోగమే. 1951 జనవరిలో ఒక స్నేహితుడి ద్వారా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీకి వెళ్ళి పైలట్ ఏస్ అనే కంప్యూటర్‌ని చూశాడు. అప్పటికి ఆయన వయసు 34.

వెంటనే దానికి డ్రాఫ్ట్స్ ఆడే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. చదరంగం గళ్ళ మీద బిళ్ళలతో ఆడే ఆట అది. పైలట్ ఏస్ మెమరీ దానికి చాల్లేదు. మాంచెస్టర్‌లో ఇంకా పెద్ద మెమరీ ఉన్న యంత్రం వచ్చిందని విన్నాడు. దాని ప్రోగ్రామింగ్ మాన్యువల్ రాసింది ట్యూరింగ్. ఇద్దరికీ కింగ్స్ రోజుల్నుంచి పరిచయం ఉంది కాబట్టి ఒక కాపీ పంపమని అడిగాడు. ఆ మాన్యువల్ చదవడమే ఒక తపస్సు, అంకెలన్నీ 32 బేస్‌లో టెలిప్రింటర్ అక్షరాలుగా రాయాలి. మన మాస్టారు స్కూల్ పని చూసుకుంటూనే దాన్ని నమిలేశాడు. ట్యూరింగ్ ఇంకో పని కూడా చెప్పాడు. యంత్రం తన పనిని తానే అనుకరిస్తూ అడుగడుగునా గమనించుకునే ప్రోగ్రాం రాయమన్నాడు, ఇప్పటి మాటల్లో డీబగ్గర్ లాంటిది. స్ట్రేచీ వెయ్యి ఇన్‌స్ట్రక్షన్ల దాకా ఉన్న ప్రోగ్రాం రాసుకుని మాంచెస్టర్ వెళ్ళాడు. అప్పటిదాకా ఆ మెషీన్ మీద అంత పొడుగు ప్రోగ్రాం ఎవరూ ఎక్కించలేదు. రాత్రంతా కూర్చుని తప్పులు తీసి, తెల్లారేసరికి దాన్ని నడిపించాడు. అయిపోగానే మెషీన్ తన హూటర్‌తో బ్రిటిష్ జాతీయగీతం మోగించింది. చివర్లో ఆ పాటని పెట్టింది కూడా ఈయనే, ఎవరికీ చెప్పకుండా. అదే ఏడాది ఆ యంత్రం పాడిన పాటల్ని బీబీసీ రికార్డు చేసింది.

ఆ ఒక్క రాత్రి పనితో ఆయన పేరు బయటికి వచ్చింది. నేషనల్ రీసెర్చ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అధిపతి లార్డ్ హాల్స్‌బరీ ఉద్యోగం ఇచ్చాడు. 1952 జూన్‌లో మాస్టారు స్కూల్ వదిలేశాడు. ఆ ఏడాదే మాంచెస్టర్ కంప్యూటర్‌తో ప్రేమలేఖలు రాయించాడు. కొన్ని వాక్యాల అచ్చులు, వాటి ఖాళీల్లోకి మాటల జాబితాల్లోంచి ర్యాండమ్‌గా పడే ముద్దుపేర్లు, క్రియలు. ఆ తర్వాత కెనడా వెళ్ళి టొరంటో యూనివర్సిటీ కంప్యూటర్ మీద సెయింట్ లారెన్స్ నది నీటిమట్టాల లెక్కలు చేశాడు. ఫెరాంటీ పెగాసస్ అనే కంప్యూటర్ డిజైన్‌లో ఆయన చెయ్యి ఉంది. 1959లో ప్యారిస్ సదస్సులో టైమ్ షేరింగ్ మీద పేపర్ చదివాడు. ఇవన్నీ ఒక్కొక్కటీ ఒక్కో వ్యాసం. నేను గబగబా దాటేస్తున్నా, ఎందుకంటే నాకు కావాల్సిన స్ట్రేచీ ఇప్పుడే మొదలవుతున్నాడు.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. ఆ రోజుల్లో ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్ ఎలా పంపాలి అనేది నిజంగా తేలని గొడవ.

మన రికార్డులతోనే చెప్తా. రూమ్‌మేట్ నా రికార్డు అడిగాడనుకోండి. నేను జిరాక్స్ తీసి ఇవ్వొచ్చు. వాడు దాని మీద ఏం గీసుకున్నా నా రికార్డుకి ఏమీ కాదు. అది కాల్ బై వాల్యూ. లేదా రికార్డునే చేతికి ఇవ్వొచ్చు. వాడు దిద్దితే నాదే మారుతుంది. అది కాల్ బై రిఫరెన్స్. ఇంకో పద్ధతి ఉంది, కొంచెం తిక్కది. ఏమీ ఇవ్వకుండా, నా టేబుల్ మీద అన్నిటికంటే పైన ఉన్న రికార్డు అని ఒక చీటీ రాసి ఇస్తా. వాడికి అవసరం వచ్చిన ప్రతిసారీ రూమ్‌కి వచ్చి, చీటీ చదివి, పైనున్నది తీసుకోవాలి. ఈలోపు ఇంకెవరైనా తన రికార్డు తెచ్చి పైన పడేస్తే? వాడు దాన్ని దిద్దేసి పోతాడు. చీటీ ప్రకారం వాడు చేసింది కరెక్టే.

1960లో వచ్చిన ఆల్గాల్ 60 భాషలో ఈ చీటీ పద్ధతే ఉండేది. దాని పేరు కాల్ బై నేమ్. కావాలంటే వాల్యూ అని ప్రత్యేకంగా రాసుకోవచ్చు, రాయకపోతే చీటీయే. చూడ్డానికి చాలా అందమైన ఆలోచన, కొన్ని గమ్మత్తైన ప్రోగ్రాములు దానితో రాసేవాళ్ళు కూడా. కానీ మనం మొదటి సెమిస్టర్‌లోనే రాసే స్వాప్ ప్రోగ్రాం దగ్గర అది బోల్తా పడుతుంది. ఐ అనే వేరియబుల్‌లో 1 ఉంది. ఏ అనే అర్రేలో 1వ గదిలో 3 ఉంది. ఐ నీ, ఏ ఆఫ్ ఐ నీ స్వాప్ చేయమని పిలిచాం. లోపల మూడు లైన్లు. మొదటి లైనులో టెంప్‌లోకి ఐ విలువ 1 వెళ్ళింది. రెండో లైనులో ఐలోకి ఏ ఆఫ్ ఐ, అంటే 3 వచ్చింది. మూడో లైనులో ఏ ఆఫ్ ఐలోకి టెంప్ వెళ్ళాలి. కానీ ఇప్పుడు ఐ అంటే 3 కదా, చీటీ మళ్ళీ చదివితే అది 3వ గదిని చూపిస్తుంది. ఆ 1 వెళ్ళి 3వ గదిలో పడింది. 1వ గది అలాగే ఉండిపోయింది, సంబంధం లేని 3వ గది పాడైంది. ఒకసారి పేపర్ మీద గీసుకుని చూడండి, భలే ఉంటుంది.

ఫోర్ట్రాన్ గొడవ ఇంకో రకం. అక్కడ అడ్రసే పంపేవాళ్ళు, అన్నీ అసలు రికార్డులే. కొన్ని పాత కంపైలర్లలో 2 అనే అంకెనే ఆర్గ్యుమెంట్‌గా పంపి, లోపల దానికి ఒకటి కలిపితే, 2 దాచిన మెమరీ గదిలో 3 కూర్చునేది. ఆ తర్వాత ప్రోగ్రాం మొత్తంలో 2 అని రాసిన చోటల్లా 3. లెక్కల మాస్టారుకి ఇంతకంటే నరకం ఉంటుందా.

1961లో స్ట్రేచీ, కేంబ్రిడ్జ్‌కి చెందిన మారిస్ విల్క్స్ కలిసి ఆల్గాల్ 60ని ఎలా బాగుచేయొచ్చో ఒక పేపర్ రాశారు. ప్రతిసారీ చీటీ చదివించడం ఖర్చు, చాలా సందర్భాల్లో పిలిచినప్పుడే ఒకసారి చిరునామా కనుక్కుని దాన్ని పంపితే చాలు అనేది అందులో ఒక ముక్క. 1962లో కేంబ్రిడ్జ్‌లో చేరి, అక్కడి వాళ్ళతోనూ లండన్ యూనివర్సిటీ వాళ్ళతోనూ కలిసి సీపీఎల్ అనే కొత్త భాష డిజైన్ చేయడం మొదలుపెట్టాడు. కంబైన్డ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ అని అసలు పేరు. క్రిస్టఫర్స్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ అని జోకు పేరు. అందులో మూడు పద్ధతులూ పెట్టారు, వాల్యూ, రిఫరెన్స్, చీటీ పద్ధతికి సబ్‌స్టిట్యూషన్ అనే పేరు.

మూడు పెట్టడం గొప్ప కాదు. ఈ మూడూ ఎందుకు వేరు, దేని దగ్గర వేరు అని ఆయన అడిగాడు. జవాబు అందరి కళ్ళ ముందూ ఉన్న ఒక లైనులో దొరికింది. ఎక్స్ = ఎక్స్ + 1. స్కూల్లో లెక్కల టీచర్ ముందు ఇలా రాస్తే చెవి మెలిపెడతారు. కుడిపక్క ఎక్స్ అంటే లోపల ఉన్న విలువ. ఎడమపక్క ఎక్స్ అంటే విలువని పెట్టే చోటు. ఒకే అక్షరం, ఒకే లైను, రెండు అర్థాలు. ఎడమకి లెఫ్ట్ కాబట్టి ఎల్-వాల్యూ, కుడికి రైట్ కాబట్టి ఆర్-వాల్యూ అన్నారు. 5 కి ఆర్-వాల్యూ ఉంది, కానీ దాన్ని మార్చి రాయడానికి చోటు లేదు. అందుకే 5 = ఎక్స్ కుదరదు. మన కంపైలర్ అరుపు అంతా ఇదే.

ఇప్పుడు ఆర్గ్యుమెంట్ల కథ ఎంత తేలిగ్గా విడిపోతుందో చూడండి. ఆర్-వాల్యూ తీసుకుని, కొత్త చోటు ఇచ్చి, అందులో పెట్టి పంపితే కాల్ బై వాల్యూ. ఎల్-వాల్యూనే పంపితే కాల్ బై రిఫరెన్స్. ఇందాకటి స్వాప్‌లో ఏ ఆఫ్ ఐ ఎల్-వాల్యూని పిలిచిన క్షణంలోనే కనుక్కుంటే అది 1వ గది. తర్వాత ఐ ఏమైనా అవ్వనీ, ఆ చోటు మారదు. స్వాప్ శుభ్రంగా పనిచేస్తుంది. ఎల్-వాల్యూ అంటే పేరొక్కటే కానక్కర్లేదు అని కూడా గమనించాడు. సీపీఎల్‌లో ఎడమపక్క షరతు రాయొచ్చు, ఇది పెద్దదైతే ఆ వేరియబుల్‌లో పెట్టు, లేకపోతే ఈ వేరియబుల్‌లో పెట్టు అని. ఎడమపక్కన చోటు తేలితే చాలు.

మన నోట్స్‌లో ఇదంతా రెండు కాలమ్‌ల టేబుల్ అయిపోయింది. కాల్ బై వాల్యూకి, కాల్ బై రిఫరెన్స్‌కి తేడాలు, ఐదు పాయింట్లు, ఐదు మార్కులు. టేబుల్‌ని తప్పు పట్టను, పరీక్ష ముందురోజు రాత్రి అదే దిక్కు. కానీ పేరు అంటే గదా, గదిలో ఉన్నదా అనే ఒక్క ప్రశ్న పోయింది చూడండి, అది ఉంటే ఆ పాయింట్లన్నీ ఎవరికి వాళ్ళే రాసుకోవచ్చు. జావాలో ఆబ్జెక్ట్‌ని వాల్యూగా పంపుతారా రిఫరెన్స్‌గా పంపుతారా అని సీనియర్లు కూడా కొట్టుకుంటారు. స్ట్రేచీ ప్రశ్న వేస్తే అక్కడ వేరియబుల్ ఆర్-వాల్యూయే ఒక రిఫరెన్స్, దాని జిరాక్స్ పంపుతున్నారు, అంతే.

ఆయన ఇంకో అడుగు వేశాడు. ఫంక్షన్ లోపల ఆర్గ్యుమెంట్లు కాకుండా బయటి వేరియబుల్స్ కూడా వాడతాం కదా, వాటి సంగతేంటి? ఫంక్షన్ రాసిన క్షణంలో ఉన్న విలువని పట్టుకోవాలా, లేక ఆ చోటుని పట్టుకుని ఎప్పటికప్పుడు చూడాలా? సీపీఎల్‌లో రెంటికీ వేర్వేరు గుర్తులు పెట్టారు. సీ ప్లస్ ప్లస్‌లో లాంబ్డా రాసేటప్పుడు బ్రాకెట్‌లో = పెట్టాలా & పెట్టాలా అని మనం తడుముకునేది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే.

లాంబ్డా అనే మాట వచ్చింది కాబట్టి. అలాంజో చర్చ్ 1930లలో కట్టిన లాంబ్డా కాల్కులస్‌లో ఫంక్షన్లూ, వాటికి ఆర్గ్యుమెంట్లు ఇవ్వడమూ తప్ప ఇంకేమీ ఉండదు. దాని గురించి స్ట్రేచీకి చెప్పిన మనిషి రోజర్ పెన్‌రోజ్, 2020లో బ్లాక్ హోల్స్ మీద నోబెల్ తీసుకున్నాడు చూడండి, ఆయనే. స్ట్రేచీ 1959లో ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టెంట్ అయ్యాక పీటర్ లాండిన్ అనే కుర్రాణ్ణి పనిలో పెట్టుకున్నాడు. జీతం తన సంపాదన లోంచే. లాండిన్ ఆ రోజుల్లో చేసిన పని ప్రోగ్రామింగ్ భాషలకీ లాంబ్డా కాల్కులస్‌కీ ముడి వేసింది. క్లోజర్ అనే మాట కూడా లాండిన్‌దే. ఒక కన్సల్టెంట్ క్లయింట్ పనులు చేసుకుంటూ ఆ డబ్బుతో ఇంకొకరి చేత ఇలాంటి సిద్ధాంతం చేయించడం, నాకు ఈయన జీవితంలో బాగా నచ్చిన విషయం ఇదే.

సీపీఎల్ మాత్రం పూర్తిగా తయారై జనం చేతికి రాలేదు. భాష పెద్దదైపోయింది, కంపైలర్ ఎంతకీ తెమల్లేదు. మన మినీ ప్రాజెక్టుల్లాగే. దాని పనుల కోసం స్ట్రేచీ జీపీఎం అనే చిన్న మాక్రో జనరేటర్ రాశాడు, 1965లో దాని పేపర్ వచ్చింది. ఆర్గ్యుమెంట్లని టెక్స్ట్‌లోకి అతికించడం ఒక్కటే తెలిసిన బుల్లి యంత్రం, దాంతో బోలెడు పనులు అయ్యేవి. లైనక్స్‌లో ఎం4 అనే ప్రోగ్రాం ఉంటుంది, దాని పూర్వీకుల్లో జీపీఎం ఒకటి. ఇక సీపీఎల్‌ని బాగా కత్తిరించి మార్టిన్ రిచర్డ్స్ బీసీపీఎల్ చేశాడు. దాన్ని ఇంకా కుదించి కెన్ థాంప్సన్ బీ చేశాడు. బీ లోంచి డెనిస్ రిచీ సీ తీశాడు. ఈ కత్తిరింపుల్లో మూడు పద్ధతుల్లో ఒక్కటే మిగిలింది. సీలో ఉన్నది కాల్ బై వాల్యూ మాత్రమే. స్వాప్ కోసం & పెట్టి అడ్రస్ పంపుతాం, నిజమే. కానీ ఆ అడ్రస్ కూడా వాల్యూగానే, జిరాక్స్‌గానే వెళ్తుంది. సీలో కాల్ బై రిఫరెన్స్ ఉందని మన మెటీరియల్స్‌లో రాస్తారు, స్ట్రేచీ లెక్క ప్రకారం లేదు. ఎల్-వాల్యూ అనే మాట మాత్రం ఇన్ని చేతులు మారినా చెక్కుచెదరకుండా మన ల్యాబ్ దాకా వచ్చింది.

1965లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ప్రోగ్రామింగ్ రీసెర్చ్ గ్రూప్ మొదలుపెట్టాడు. పీహెచ్‌డీ లేదు, డిగ్రీ సెకండ్ క్లాసు. అయినా 1971లో ప్రొఫెసర్ చేశారు. 1967 ఆగస్టులో కోపెన్‌హాగన్‌లో ఒక సమ్మర్ స్కూల్‌లో పాఠాలు చెప్పాడు. ప్రోగ్రామింగ్ భాషల మౌలిక భావనలు అనేది విషయం. ఎల్-వాల్యూ, ఆర్-వాల్యూ అందులో పద్ధతిగా ఉన్నాయి. ఫంక్షన్లకి భాషలో పూర్తి పౌరసత్వం ఉండాలనే మాట ఉంది. ఆల్గాల్‌లో ఫంక్షన్‌ని ఇంకో ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్‌గా పంపొచ్చు గానీ వేరియబుల్‌లో దాచుకోకూడదు, రిటర్న్ చేయకూడదు. అంటే రెండో తరగతి పౌరులు అన్నమాట. ఫస్ట్ క్లాస్ ఫంక్షన్లు అని మనం పైథాన్, జావాస్క్రిప్ట్ గురించి చెప్పుకునే మాట అక్కడిది. రెండు ఆర్గ్యుమెంట్ల ఫంక్షన్‌కి ముందు ఒకటే ఇచ్చి, మిగిలినదాన్ని అడిగే ఇంకో ఫంక్షన్‌ని బయటికి తీసే పద్ధతికి కర్రీ అనే లాజిషియన్ పేరుతో మాట వాడాడు, అదే కర్రీయింగ్. దానికీ మన కూరలకీ ఏ సంబంధం లేదు, నేను కూడా కొన్నాళ్ళు ఆశపడ్డా. ఒకే ఫంక్షన్ ఏ రకం ఆర్గ్యుమెంట్ వచ్చినా ఒకేలా పనిచేయడం ఒక రకం పాలిమార్ఫిజం, రకాన్ని బట్టి వేరే పని చేయడం ఇంకో రకం అని విడదీసింది కూడా ఆ పాఠాల్లోనే. మన ఓఓపీ యూనిట్‌లో ఆ చివరి ముక్క ఇప్పటికీ ఉంది.

ఆయన్ని ఆఖరిదాకా వదలని ప్రశ్న ఇంకోటి. ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్‌గా ఆ ఫంక్షన్‌నే ఇస్తే? లాంబ్డా కాల్కులస్‌లో అది మామూలే. స్ట్రేచీ ప్రోగ్రాముల అర్థాన్ని దాంతోనే రాసేవాడు. కానీ గణితం ఒప్పుకోదు. ఒక సెట్‌లో ఉన్నవాటి మీద రాయగల ఫంక్షన్లు ఆ సెట్ కంటే ఎప్పుడూ ఎక్కువ ఉంటాయి, క్యాంటర్ ఎప్పుడో నిరూపించాడు. మరి ఫంక్షన్లన్నీ ఆ సెట్‌లోనే ఎలా కూర్చుంటాయి? 1969లో డేనా స్కాట్ అనే లాజిషియన్ ఆక్స్‌ఫర్డ్ వచ్చాడు. ఈ టైపుల్లేని లాంబ్డా కాల్కులస్‌కి గణితంలో పునాది లేదు, వదిలేయమని స్ట్రేచీకి నచ్చజెప్పాలని చూశాడు. స్ట్రేచీ వదల్లేదు. అదే ఏడాది నవంబర్‌లో ఆ పునాది దొరికింది, దొరికింది స్కాట్‌కే. అన్ని ఫంక్షన్లూ వద్దు, కంటిన్యువస్ అనిపించుకునేవి మాత్రం తీసుకుంటే లెక్క సరిపోతుందని తేల్చాడు. అక్కడినుంచి ఇద్దరూ కలిసి కట్టినదాన్ని ఇప్పుడు డినోటేషనల్ సిమాంటిక్స్ అంటారు. ఇందులో లోతు నాకు ఇంకా అందలేదు, ఫైనల్ ఇయర్‌లో ఎలెక్టివ్ ఉంటే తీసుకోవాలని ఉంది. కానీ ఒక్కటి అర్థమైంది. పునాది దొరక్కముందే ఇల్లు నిలబడుతుందని స్ట్రేచీ నమ్మాడు, ఎందుకంటే ఆ ఇంట్లో ఆయన అప్పటికే కాపురం ఉంటున్నాడు. ప్రోగ్రాములు నడుస్తున్నాయి కదా మరి.

ఆయనకున్న పెద్ద సమస్య రాసి అచ్చుకివ్వడం. మనుషులతో మాట్లాడుతూ, బోర్డు మీద గీస్తూ విషయాన్ని తేల్చేవాడు. పేపర్‌గా పంపడం దగ్గర ఆగిపోయేవాడు. కోపెన్‌హాగన్ పాఠాలు అచ్చు కాలేదు. కాపీల కాపీలు చేతులు మారుతూ తిరిగాయి. మనం వాట్సాప్‌లో సీనియర్ నోట్స్ పంచుకున్నట్టు, ఒక తరం మొత్తం ఆ కాగితాలనే చదువుకుంది.

1970లలో రాబర్ట్ మిల్న్ అనే తన విద్యార్థితో కలిసి కేంబ్రిడ్జ్ వాళ్ళ ఆడమ్స్ ప్రైజ్ కోసం పెద్ద వ్యాసం రాశాడు. చాలా కష్టపడ్డారు. ప్రైజ్ రాలేదు. దాన్నే పుస్తకంగా దిద్దుతుండగా ఒంట్లో బాగాలేక పడ్డాడు. మొదట కామెర్లు అన్నారు, కోలుకున్నట్టే కనిపించాడు, మళ్ళీ తిరగబెట్టింది. ఇన్‌ఫెక్షియస్ హెపటైటిస్. 1975 మే 18న చనిపోయాడు. 58 ఏళ్ళు. కంప్యూటర్‌ని మొదటిసారి చూసి 24 ఏళ్ళు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన గ్రూప్ బాధ్యత తర్వాత టోనీ హోర్ తీసుకున్నాడు, మన క్విక్‌సార్ట్ హోర్. మిల్న్ పుస్తకాన్ని పూర్తిచేసి 1976లో ఇద్దరి పేర్లతో తెచ్చాడు. కోపెన్‌హాగన్ పాఠాలు మాత్రం 2000లో, చెప్పిన 33 ఏళ్ళకి, ఒక జర్నల్ ఆయన మీద ప్రత్యేకంగా తెచ్చిన సంచికలో అచ్చయ్యాయి. 40 పేజీల లోపే ఉంటాయి. మొదటి సగం చదవడానికి మన సీ చాలు.